మిషను చెప్పని ఒక్క సంగతి

మా పిన్ని గొంతు ఒకప్పుడు ఊరందరికీ తెలుసు. మొహం మాత్రం ఎవరికీ తెలియదు. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మైకులో చెప్పేది తనే. కూరగాయల దుకాణంలో బేరమాడుతుంటే అమ్మేవాడు తూకం ఆపి, "అమ్మా, మిమ్మల్ని ఎక్కడో విన్నానండీ" అనేవాడు. ఇంట్లో అందరం మైకు పిన్ని అనే పిలిచేవాళ్ళం. ఒక్క కేక వేస్తే చాలు, బాబాయి ఎక్కడున్నా వచ్చి ఎదురుగా నిలబడేవాడు. "ఆవిడ పిలిస్తే అంతంత బస్సులే వచ్చి ఆగుతాయి, నేనెంత" అనేవాడు.

కొన్నేళ్ళకు బస్టాండువాళ్ళు పిన్ని చేతనే ఊళ్ళ పేర్లూ అంకెలూ విడివిడిగా చదివించి రికార్డు చేసుకున్నారు. ఆ ముక్కలు అతుక్కుని మాట్లాడడం మొదలుపెట్టాక ఇక రానక్కర్లేదన్నారు. "నా ఉద్యోగం నేనే ఊడగొట్టుకున్నాను, అదీ స్పష్టమైన ఉచ్చారణతో" అని పిన్ని నవ్వేది. మరుసటేడు బాబాయి తాళాల కొట్టు రోడ్డు వెడల్పులో పోయాక ఆ నవ్వు తగ్గింది. ఆయన గుమ్మం పక్కన ఒక బల్ల వేసుకుని తాళంచెవులు చేస్తున్నా ఇల్లు గడవడం కష్టమైంది. అప్పుడే, సైన్యం ఆఫీసులో స్పష్టంగా మాట్లాడగలిగిన పౌర ఉద్యోగులు కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టింది.

ఆ ఉద్యోగమేమిటో చాలాకాలం మాకు చెప్పలేదు. ఇప్పుడు పిన్ని పనిచేసే గది పద్ధతి పత్రికల్లో కూడా వచ్చింది కనుక రాయడానికి అడ్డు లేదు.

సరిహద్దు నది ఒడ్డున స్తంభాల మీద తుపాకులు అమర్చారు. వాటికి కెమెరాలుంటాయి. అవతల ఏదైనా కదిలితే తమంతట తామే అటు తిరుగుతాయి, అదేమిటో పోల్చుకుంటాయి, గురి పెడతాయి. కానీ పేల్చవు. పేల్చమని చెప్పవలసింది మా ఊళ్ళో, ఒక పాత ప్రభుత్వ భవనం కింది అంతస్తులో ఉన్న గది. అక్కడ ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుంటారు. తుపాకీ చూసిన దృశ్యం ఇద్దరి తెరల మీదా పడుతుంది. మిషను దాని చుట్టూ ఎర్రగీత గీసి, కింద "వాహనం" అనో "పడవ" అనో రాస్తుంది. మొదటి మనిషి తనకు కనిపించింది పైకి చెప్పి, చివర "అవును" అనో "వద్దు" అనో అనాలి. రెండో మనిషి కూడా తన తెర చూసి అదే పని చేయాలి. రెండు గొంతులూ అవునంటేనే తుపాకీ పేలుతుంది. మీట బదులు మాట పెట్టమన్నది ఆ గదిని నడిపే మేజర్ గారే. వేలు తొందరపడుతుందనీ, నోరు తెరిచి చెప్పాలంటే మనిషి కాస్తయినా చూసి తీరుతాడనీ ఆయన నమ్మకం.

రెండో కుర్చీలో ఉండేది లెక్కల మాస్టారు. బడిలో రిటైరై, ఇంట్లో తోచక వచ్చినాయన. పిన్నిని అమ్మాయ్ అని పిలిచేవారు. నాకు నలభై దాటాయండీ అని పిన్ని గుర్తుచేస్తే, "నా వయసులోంచి తీసేస్తే ఇంకా చాలా మిగులుతుంది, అమ్మాయివే" అనేవారు. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ అద్దానికీ బయటివాళ్ళకు కనబడకుండా ఆకుపచ్చ రంగు పూశారు. ఫ్యాను వేస్తే కటకట చప్పుడు మైకులోకి వెళ్తుందని ఆపేసి, ఇద్దరూ అట్టముక్కలతో విసురుకునేవాళ్ళు.

పిన్ని చేరినప్పటి నుంచీ గుళ్ళు లేకుండానే అభ్యాసం నడుస్తోంది. తుపాకీ పేలినట్టు గుర్తుగా గోడ మీద పచ్చదీపం వెలిగేది, అంతే. ఇక ఒక కమిటీ వచ్చి చూసి తేల్చాలి. ఈ రెండు గొంతుల గదిని ఉంచాలా, లేక మిషనే తనంతట తాను పేల్చుకుంటూ పోతుంటే, వద్దనిపించినప్పుడు ఆపడానికి ఒక మనిషిని పెడితే చాలా అన్నది ప్రశ్న. మిషను తయారుచేసిన కంపెనీవాళ్ళు రెండోదే మేలంటున్నారు. గది ఉంటే పిన్ని ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. పోతే మళ్ళీ ఇల్లే.

కమిటీ వచ్చే ముందు వారం, ఒక ఉదయం దృశ్యాలు వరసగా పడుతున్నాయి.

"వాహనం. ఒకటి. అవును" అంది పిన్ని.

"వాహనం. ఒకటి. అవును" అన్నారు మాస్టారు.

పచ్చదీపం వెలిగింది. పిన్ని టీ పోసుకుందామని ఫ్లాస్కు అందుకుంటూ తెర వంక చూసి అలాగే ఉండిపోయింది. తెరంతా బూడిదరంగు. ఎర్రగీత ఉంది. దాని కింద వాహనం అన్న అక్షరాలున్నాయి. గీత మధ్యలో ఏమీ లేదు.

"మాస్టారూ, ఇందాక మీరేం చూశారు?"

"దేన్ని?"

"ఇప్పుడు అవునన్నారు కదా, దాన్ని."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని తన తెర చూసుకున్నారు. అదీ బూడిదే.

"నువ్వు చెప్పింది విన్నానమ్మాయ్" అన్నారు.

"నేను మిషను రాసింది చదివానండీ."

కెమెరా అద్దానికి పొగమంచు పట్టిందని తర్వాత తెలిసింది. అభ్యాసం కోసం నిలబెట్టిన ఉత్తుత్తి లారీ ఒకటి నిజంగానే అక్కడ ఉంది కాబట్టి, లెక్కలో అది సరైన జవాబుగానే పడింది. ఎవరూ ఏమీ అడగలేదు.

"ఎప్పట్నుంచి ఇలా చేస్తున్నామంటారు?" అంది పిన్ని.

"నాకేం తెలుసు. ఎక్కాలు అప్పజెప్పే పిల్లల్ని జీవితమంతా చూశాను. నోరు పన్నెండో ఎక్కం చెబుతుంటే కళ్ళు కిటికీలోంచి బయట ఆడుకుంటుంటాయి. మనం కూడా ఆ బాపతే అయ్యాం."

"మేజర్ గారికి చెప్పాలండీ."

"చెప్పావనుకో, ఆ కంపెనీ ఇంజినీరు ఎగిరి గంతేస్తాడు. మనుషులు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అని తేల్చేస్తాడు. మన ఉద్యోగాలు పోతే పోయాయి, ఆ తుపాకుల్ని ఇదేమిటని అడిగే దిక్కే ఉండదు. నా మాట విను. ఊరుకుందాం. ఇవాళ్టి నుంచీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూద్దాం."

"ఒళ్ళు దగ్గర పెట్టుకునే చూస్తున్నామనుకున్నాం కదండీ ఇన్నాళ్ళూ."

మాస్టారు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. పిన్నిని తినేసింది అదే. నోరు విప్పితే గదిని చేజేతులా మూయించినట్టు. విప్పకపోతే చూడని కళ్ళు రెండు జతలు అక్కడ కూర్చుని ఉంటాయి, పైగా మనుషులు చూస్తూనే ఉన్నారని అందరూ నిశ్చింతగా ఉంటారు.

తను చేసే పనేమిటో పిన్ని ఇంట్లో మొదటిసారి చెప్పింది ఆ సాయంత్రమే. బాబాయి ఆకురాయితో తాళంచెవి రుద్దుతూ విన్నాడు. కాలేజీలో చదువుతున్న మా చెల్లి, అంటే పిన్ని కూతురు, ముందుగా మాట్లాడింది.

"పర్మనెంటు అయ్యాక చెప్పొచ్చు కదమ్మా. అప్పుడు నిన్ను తీసెయ్యలేరు."

"అప్పటికి ఆ తుపాకుల్లో గుళ్ళుంటాయే."

బాబాయి రుద్దడం ఆపి, "నేను తాళంచెవి చేశాక ఏం చేస్తాను?" అన్నాడు.

"డబ్బులు తీసుకుంటావు" అంది చెల్లి.

"దానికి ముందు."

"తాళంలో పెట్టి తిప్పి చూస్తావు."

"అందరూ అలాగే అనుకుంటారు. మొదట్లో చూసేవాణ్ణి. చెయ్యి తిరిగాక ఎక్కడ చూస్తున్నాను? తలుపు తెరుచుకోకపోతే వాడే తిరిగొచ్చి నన్ను నాలుగు తిడతాడు, ఇంకోటి చేసిస్తాను. మీ అమ్మ పనిలో తిరిగొచ్చి తిట్టడానికి ఎవరూ మిగలరు."

"ఉద్యోగం పోతేనో?" అంది పిన్ని.

"బల్ల పెద్దది చేద్దాం. నేను తాళాలు బాగుచేస్తుంటాను, నువ్వు మైకు పట్టుకుని జనాన్ని పిలు."

"సిగ్గులేకపోతే సరి" అంది పిన్ని. కానీ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే మేజర్ గారి గదిలోకి వెళ్ళింది. ఆయనకు చేతులు ఊరికే ఉండవు. పిన్ని చెబుతున్నంతసేపూ బల్ల మీది పెన్నులు ఒక వరసలో పెడుతూ విన్నారు.

"వచ్చేవారం కమిటీ పెట్టుకుని ఇప్పుడా అమ్మా చెప్పడం?"

"నిన్ననే తెలిసిందండీ."

"ఇంకెవరికి తెలుసు?"

"మాస్టారికి" అంది పిన్ని. మా ఊసు ఎత్తలేదు.

ఇంజినీరును పిలిపించారు. అతను మాస్టారు అనుకున్నట్టు గంతెయ్యలేదు. ఆ దృశ్యాన్ని మళ్ళీ తెర మీదికి తెప్పించి చాలాసేపు చూశాడు. "అంతకుముందు అక్కడ లారీ కనిపించింది కాబట్టి ఇప్పుడూ ఉండొచ్చని మిషను ఊహించింది సార్. చూసినదానికీ ఊహించినదానికీ అది ఒకే మాట రాస్తుంది" అన్నాడు. "మనుషులు పట్టుకుంటారులే అని మేం ధైర్యంగా ఉన్నాం."

"మిషను ఉంది కదా అని మేం ధైర్యంగా ఉన్నాం నాయనా" అన్నారు గుమ్మంలో నిలబడ్డ మాస్టారు. పిన్నిని ఒంటరిగా పంపడం ఇష్టంలేక ఆయనా వెనకే వచ్చారు.

మేజర్ గారికి మాత్రం నమ్మకం కుదరలేదు. వీళ్ళిద్దరూ అలసిపోయి ఉంటారు, సరిగ్గా కూర్చుంటే ఎందుకు జరుగుతుందన్నారు. తనే వెళ్ళి పిన్ని కుర్చీలో కూర్చున్నారు. మధ్యమధ్య బూడిద తెరలు కలపమనీ, ఆ పూటకు తన ఒక్క గొంతుకే దీపం వెలిగేలా పెట్టమనీ ఇంజినీరుకు చెప్పారు. మొదట్లో ఆయన ప్రతి దృశ్యాన్నీ పట్టిపట్టి చూశారు, రెండు బూడిద తెరలకు గట్టిగా వద్దన్నారు, గర్వంగా వెనక్కి తిరిగి చూశారు కూడా. మధ్యాహ్న భోజనం వేళ దగ్గరపడుతుండగా "వాహనం. ఒకటి. అవును" అన్నారు. పచ్చదీపం వెలిగింది. ఇంజినీరు తెర వైపు వేలు చూపించాడు. ఆయన తెర చూసుకున్నారు, అంతా బూడిదే.

"సారూ, మీకూ పన్నెండో ఎక్కం వచ్చేసింది" అన్నారు మాస్టారు.

మేజర్ గారు నవ్వేశారు. ఆ తర్వాత ఆ కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

కమిటీ వచ్చేలోగా ఏదో ఒకటి చేయాలి. ముందు చెప్పే వాక్యం మార్చి చూశారు. సాయంత్రానికి కొత్త వాక్యం కూడా పాటలా తయారైంది. ప్రతి దృశ్యానికీ ముందు గంట మోగేలా పెడితే మాస్టారికి తలనొప్పి వచ్చింది తప్ప ఇంకేమీ కాలేదు. ఒకరి మాట ఒకరికి వినబడకూడదన్నది ఇంజినీరు ఆలోచన. దాంతో మాస్టారి కుర్చీని పక్కనున్న సామాన్ల గదిలోకి మార్చారు. "ఎంతమంది పిల్లల్ని తరగతి బయట నిలబెట్టానో, ఇప్పటికి నా వంతు వచ్చింది" అంటూ ఆయన చీపుళ్ళ మధ్య సర్దుకున్నారు.

ఇంకో నియమం పిన్ని చెప్పింది. మిషను రాసింది చెబితే చాలదు. అది రాయని సంగతి ఒక్కటైనా చెప్పి, ఆ తర్వాతే అవునో వద్దో అనాలి. లారీ చక్రానికి బురద ఉందనో, పడవ పక్కకు ఒరిగిందనో, పొద చాటున నీడ ఉందనో, ఏదైనా సరే. అలాంటిది ఒక్కటీ దొరకలేదంటే ఇంకా చూడలేదన్నమాట. చూడనిదానికి వద్దనే అనాలి.

పని బాగా నెమ్మదించింది. అంతవరకూ ఏ లోపమూ లేకుండా సాగిన గది లెక్కలు దిగజారాయి. మేజర్ గారు ఆ కాగితాలు చూసి నిట్టూర్చి, పెన్నులు సర్దుకున్నారు. పాత పద్ధతికి వెళ్దామని మాత్రం అనలేదు.

కమిటీకి పెద్ద ఒక రిటైరైన జడ్జి గారు, సన్నగా, మెత్తగా మాట్లాడే ఆవిడ. ఆమె వెంట సైన్యం నుంచి ఇద్దరు, కంపెనీ నుంచి ఒక అధికారి వచ్చారు. గదిలో కుర్చీలు చాలక ఇంజినీరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దృశ్యాలు మొదలయ్యాయి. పిన్ని చెబుతుండగానే కొన్ని వాహనాలు తెర దాటిపోయాయి. కంపెనీ అధికారి తలూపుతూ ఏదో రాసుకున్నాడు. అంతలో మంచు కమ్మిన దృశ్యం ఒకటి పడింది. కింద వాహనం అని ఉంది. పిన్ని ముందుకు వంగింది.

"తెల్లగా ఉంది. నేల కనిపించడం లేదు, నీళ్ళూ కనిపించడం లేదు. వద్దు."

పిన్ని చెప్పడం అయ్యాక, కమిటీ కోసం పెట్టిన స్పీకరులో మాస్టారి గొంతు వచ్చింది. "ఎడమవైపు ఏదో అంచు లాంటిది ఉంది. అది లారీదో గట్టుదో చెప్పలేను. వద్దు."

అక్కడ నిజంగానే ఉత్తుత్తి వాహనం ఉంది. వచ్చిన సైన్యాధికారుల్లో ఒకాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"అది నిజంగా దాడికి వస్తున్న వాహనమే అయితే ఏమయ్యేదమ్మా?"

పిన్ని నీళ్ళు తాగింది. "నష్టం జరిగేదండీ. నావల్లే జరిగేది. కాదనను."

"మరి?"

"నాకు కనిపించలేదండీ. కనిపించనిదాన్ని ఉందని చెప్పడానికైతే నేనెందుకు, మిషను ఒక్కటే చాలు."

జడ్జి గారు కాగితాలు వెనక్కి తిప్పారు. "పోయిన వారం వరకూ మీ గది లెక్కలు అద్దంలా ఉన్నాయి. ఉన్నట్టుండి పడిపోయాయి. ఎందుకు?"

పిన్ని మేజర్ గారి వైపు చూసింది. ఆయన చేతులు సర్దడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూసుకున్నాయి. అక్కడేమీ లేదు. "చెప్పమ్మా" అన్నారు.

పిన్ని అంతా చెప్పింది. బూడిద తెరకు తామిద్దరూ అవునన్న సంగతి, అది సరైన జవాబుగా పడిన సంగతి, ఆ అద్దంలాంటి లెక్కల్లో అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తమకే తెలియదన్న సంగతి. కంపెనీ అధికారి మొహం వెలిగింది. "ఇదే మేము మొదటి నుంచీ చెబుతున్నది. మనిషి పేరుకే ఉంటాడు" అన్నాడు.

జడ్జి గారు ఇంజినీరు వైపు తిరిగారు. "మీరు అడుగుతున్న ఏర్పాటులో, మనిషి ఆపితేనే ఆగేదాంట్లో, ఆ బూడిద తెర పడితే ఏమయ్యేది?"

అతను తన అధికారిని ఒకసారి చూసి, తల దించుకుని చెప్పాడు. "పేలేదండీ. ఆపాలంటే ఆ మనిషికి ఏదైనా కారణం కనిపించాలి. ఆ తెర మీద ఏమీ లేదు."

ఆ తర్వాత అధికారి ఇంకేవో అంకెలు చెప్పాడు కానీ, జడ్జి గారు లేచి సామాన్ల గదిలోకి వెళ్ళి, మాస్టారి తెర ముందు కూర్చుని తనకూ కొన్ని దృశ్యాలు చూపించమన్నారు. "చీపుళ్ళు తగులుతాయండీ, జాగ్రత్త" అని మాస్టారు అనడం తెరిచిన తలుపులోంచి వినిపించింది.

నిర్ణయం వానలు మొదలయ్యాక వచ్చింది. ఆ తుపాకులు వాటంతట అవి పేల్చడానికి వీల్లేదు. ఒకరి మాట ఒకరికి వినబడని ఇద్దరు మనుషులు, ఎవరికి కనిపించింది వాళ్ళ మాటల్లో చెప్పాలి. వాళ్ళు నిజంగా చూస్తున్నారో లేదో తెలియడానికి రోజూ బూడిద తెరలు కలపాలి. మంచు కమ్మి ఏమీ కనిపించని చోటికి మనుషుల్నే కాపలాకు పంపాలి. ఇలాంటి గదులు ఇంకొన్ని తెరవాలి. కంపెనీ అభ్యంతరం తెలిపింది, మళ్ళీ ఒక ఏడాదికి చూస్తామన్నారు. పిన్నికి పర్మనెంటు కాగితం రాలేదు. కాంట్రాక్టు పొడిగించి, కొత్తవాళ్ళకు నేర్పే పని ఇచ్చారు. ఫైలు కదులుతోందట. "మీ ఫైలు కూడా మిషనుకు కనిపించడం లేదేమో" అంటాడు బాబాయి.

మొన్న కొత్త గది చూపించడానికి ఉద్యోగుల కుటుంబాలను పిలిచారు. పిన్ని తరఫున చెల్లీ నేనూ వెళ్ళాం. ఈ గది కిటికీకి రంగు పూయలేదు. కుర్చీలో ఆస్పత్రి నర్సుగా చేసి వచ్చిన ఒకావిడ కూర్చుంది. తెర మీద పడవ పడింది, కింద పడవ అనే రాసి ఉంది. ఆమె చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికీ మాట్లాడలేదు. వెనక ఎవరో దగ్గారు. గోడ పక్కన నిలబడ్డ ఇంజినీరు గడియారం వైపు చూడబోతే, పిన్ని చెయ్యి కాస్త ఎత్తి, ఉండమన్నట్టు సైగ చేసింది.

"పడవ" అంది నర్సు మెల్లగా. "లోపల ఎవరో పడుకున్నట్టున్నారు. పాదాలు కనిపిస్తున్నాయి, చెప్పుల్లేవు. వద్దు." ఇంకా తెర మీదికి వంగుతూ, "కాస్త దగ్గరగా చూపిస్తారా?" అంది.

ఇంజినీరు వచ్చి దృశ్యాన్ని దగ్గరికి లాగాడు. పిన్ని కూడా ఆమె భుజం మీదుగా వంగి చూడసాగింది.